ఎర్ర అంకెల క్యాలిక్యులేటర్‌ను మళ్లీ వెలిగించాలంటే

పర్లాకిమిడిలో నాకు రేడియోల మరమ్మతు దుకాణం ఉంది. దసరాకు ఇళ్లు దులిపినప్పుడల్లా అటక మీది పాత క్యాలిక్యులేటర్ ఒకటి నా బల్ల మీదికి వస్తుంది. “బ్యాటరీ వేసి చూశామండీ, వెలగలేదు” అంటారు. వేసి చూడడం కాదు, చూసి వేయాలి.

ముందు బ్యాటరీ అర చూడండి. స్ప్రింగులకు సున్నం పట్టినట్టు తెల్లగా ఉంటే, అది ఆల్కలైన్ సెల్లు కారి మిగిల్చిన క్షారం. చేత్తో తాకకండి. దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి అద్దితే బుసబుస పొంగి కరుగుతుంది. మిగిలిన పెచ్చు గీకడానికి నేను ఇనుము వాడను. మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసేవారి దగ్గర తెచ్చుకున్న పలుచని పేడు ఒకటి ఉంది, దానితో తీస్తాను. తరువాత స్పిరిట్‌తో తుడిచి ఒక రోజు ఆరనివ్వండి. స్పిరిట్ అంకెల మీది ప్లాస్టిక్‌కు మాత్రం తగలకూడదు, సన్నని బీటలు వస్తాయి.

ఆ ప్లాస్టిక్ ఊరికే పెట్టింది కాదు, భూతద్దం. ఎర్ర అంకెలను వెలిగించే ఆనాటి ఎల్‌ఈడీలు కరెంటును తాగేస్తాయి కాబట్టి అంకెలను చీమ తలంత చేసి, పైన కటకం అమర్చారు. 1971లో జపాన్‌లో వచ్చిన బుసికామ్ హ్యాండీ ఎర్ర అంకెలదే. 1972 నాటి హెచ్‌పీ-35 ధర 395 డాలర్లు. ఇలాంటి పాత యంత్రాలకు బ్యాటరీ ప్యాక్ లేకుండా ఛార్జర్ తగిలించకండి, కొన్నింటిలో లోపలి చిప్పులు పోతాయి. అదే తొందరలో నేను ఒక యంత్రాన్ని చంపాను. ఇప్పటికీ సొరుగులో ఉంది, పారేయడానికి మనసొప్పదు.

అంకెలు ఆకుపచ్చవైతే లోపల ఉన్నది గాజు గొట్టం. 1972లో 12,800 యెన్‌లకు అమ్మిన కాసియో మినీ ఆ రకానిదే. గాజు మీద ఒక మూల వెండి మచ్చ కనిపించాలి. అది తెల్లబడిందంటే గాలి చొరబడిందన్నమాట, ఇక ఆశ వదులుకోండి.

ఇప్పుడు బ్యాటరీ వేసి, అన్ని స్థానాలూ నిండేదాకా 8 నొక్కండి. ప్రతి ఎనిమిదిలోనూ ఒకే గీత లోపిస్తే ఆ గీతకు వెళ్లే తీగలో టంకం వదిలింది. ఒక అంకె మొత్తంగా లేకపోతే ఆ స్థానపు తీగ చూడాలి. వెలుగుతున్నదాన్ని చీకట్లో ఊపితే అంకెలు చుక్కలుగా విడిపోతాయి. కంగారు పడకండి, అవి ఒకదాని తరువాత ఒకటి వెలిగి ఆరుతూనే ఉంటాయి, మన కన్నే కలిపి చూస్తుంది.

మొన్న ఒక ధాన్యం మిల్లు గుమాస్తా గారు ఎనిమిదులన్నీ వెలగగానే, దుకాణంలో లైటు ఒక్కసారి ఆర్పమన్నారు.