కార్డు లెక్కలు, మూడో పాఠం: టిక్కు పడని వరుసలు

పోయిన పాఠంలో బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీసుకుని, గుర్తున్న ఖర్చు పక్కనల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టమన్నాను కదా. పెట్టినవాళ్లకి ఎంత గుర్తుచేసుకున్నా రెండు మూడు వరుసలు టిక్కు పడకుండా మిగిలే ఉంటాయి. ఇవాళ వాటి సంగతి చూద్దాం. మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి: పేరు తెలియకపోవడం వేరు, ఖర్చు మనది కాకపోవడం వేరు.

పటమటలో ఉండే మా పిన్ని ఒకరోజు పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేసి, ఎవరో నా డబ్బు కొట్టేశారురా అని ఏడ్చినంత పని చేసింది. వెళ్లి చూస్తే వరుసలో మొదట పీఓఎస్ అని, తర్వాత రెండు ఇనిషియల్స్‌తో ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని, విజయవాడ అని, చివర 2,450 అని ఉంది. పీఓఎస్ అంటే దుకాణంలో మెషీన్ మీద కార్డు వాడిన ఖర్చు, ఆన్‌లైన్‌లో అయితే ఈకామ్ అని పడుతుంది. అంటే కార్డు ఊళ్లోనే, ఎవరో చేత్తో పట్టుకుని వాడారన్నమాట. మరి పిన్ని కార్డు పిన్ని పర్సులోనే ఉంది. ఆ పర్సు అంతా మంచం మీద కుమ్మరిస్తే మందుల చీటీల మధ్య బీసెంట్ రోడ్డులో చీరలు కొన్న బిల్లు దొరికింది, దానికి స్టేపుల్ చేసిన చిన్న చార్జ్ స్లిప్పు, అంటే కార్డు మెషీన్‌లోంచి వచ్చే చీటీ, మీద అదే ఎంటర్‌ప్రైజెస్ పేరు. బోర్డు మీద అమ్మవారి పేరు, మెషీన్ మాత్రం ఓనరు సంస్థ పేరు మీద ఉంది, అంతే తేడా. పైగా ఆవిడ కొన్నది శనివారం సాయంత్రం, స్టేట్‌మెంట్‌లో పడింది సోమవారం, అందుకే తేదీ కూడా కలవలేదు. కాబట్టి ముందు పేరుని కాదు, ఖర్చయిన అంకెని పట్టుకుని బిల్లుల్లో వెతకండి, రూపాయలు పైసలతో సహా, ఆ తేదీకి రెండు మూడు రోజులు వెనక్కి వెళ్లి.

ఇంకో రకం, బ్యాంకే తీసుకునేది. 236 రూపాయలు పోయాయని కంగారు పడతారు, అది చాలాసార్లు డెబిట్ కార్డు ఏడాది చార్జీ 200, దాని మీద 18 శాతం జీఎస్టీ 36. వింత అంకె కనపడితే 1.18తో భాగించి చూడండి, గుండ్రని అంకె వచ్చిందంటే అది బ్యాంకు చార్జీ అయ్యే అవకాశం ఎక్కువ.

నెలనెలా ఒకే మొత్తం పోతుంటే అది చాలాసార్లు ఏదో యాప్ చందా, ఇంట్లో పిల్లల్ని కోప్పడకుండా అడగండి, కోప్పడితే చెప్పరు. ఇలా ఆటోమేటిక్‌గా కట్ అయ్యే వాటికి 24 గంటల ముందే మెసేజ్ రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, ఆ మెసేజ్ వెతికితే కంపెనీ పేరు తెలిసిపోతుంది.

ఇవన్నీ చూడటానికి గంట చాలు. గంట దాటినా తేలలేదంటే అది మీది కాదనే అనుకుని కదలండి, రేపు చూద్దాంలే అనొద్దు. బ్యాంకు యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి, ఆ తర్వాత కార్డు వెనక ముద్రించిన నంబరుకే ఫోన్ చేయండి. నెట్‌లో వెతికి దొరికిన నంబరుకి మాత్రం చేయకండి, మోసగాళ్లు దొంగ నంబర్లు పెట్టుకుని అక్కడే కూర్చుని ఉంటారు. మోసం అని అనిపించగానే 1930కి కూడా చేయాలి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్, ఎంత త్వరగా చెబితే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక్కడే మా బాబాయి నష్టపోయాడు, ఆ విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. గుంటూరు అరండల్‌పేటలో ఉంటాడు, కార్డు మీద తను చేయని ఆన్‌లైన్ ఖర్చు పడింది. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాడు, ప్రతిసారీ చూస్తామండీ అన్నారు, ఆయన నమ్మాడు, ఒక్కసారీ ఫిర్యాదు నంబరు అడగలేదు. బ్రాంచికి వెళ్లి కాగితం ఇచ్చేసరికి తొమ్మిదో పనిదినం. ఫోన్ చేసినట్టు మా దగ్గర ఏమీ లేదన్నారు.

ఆ రోజుల లెక్క ఎందుకు ముఖ్యమో చెప్తాను. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగిందనుకోండి, డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చాక 3 పనిదినాల్లోపు బ్యాంకుకి చెబితే మీకు ఒక్క రూపాయి నష్టం ఉండకూడదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి మీ మీద పడేది గరిష్ఠంగా 10,000. ఏడు దాటితే ఆ బ్యాంకు పెట్టుకున్న విధానం ఎలా ఉంటే అలా. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, మీ బ్రాంచికి సెలవైన రోజులూ రావు. శుక్రవారం రాత్రి మెసేజ్ వచ్చి, మర్నాడు రెండో శనివారం అయితే, మధ్యలో వేరే సెలవు లేకపోతే మీ మూడు రోజులు సోమ, మంగళ, బుధ. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మీ నష్టమే, కానీ చెప్పాక పోయేది బ్యాంకుదే, అందుకని సిగ్గుపడి దాచిపెట్టకండి. తప్పు కస్టమర్‌దే అని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకు మీదే ఉంది.

ఫోన్‌లో ఫిర్యాదు నంబరు రాసుకున్నాక, అదే రోజు ఇలా మెయిల్ పెట్టండి:

“నా కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. ఫలానా తేదీన, ఫలానా పేరుతో, ఇంత మొత్తం, ఈ రిఫరెన్స్ నంబరుతో డెబిట్ అయింది. ఈ లావాదేవీ నేను చేయలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. మెసేజ్ ఫలానా రోజు ఇన్ని గంటలకి వచ్చింది, ఇన్ని గంటలకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాను, ఫిర్యాదు నంబరు ఇది. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 10 పనిదినాల్లో ఈ మొత్తం నా ఖాతాలో జమ చేయగలరు.”

ఆ జమ తాత్కాలికమే, విచారణ అయ్యేదాకా వాడుకోకపోవడం మంచిది. 90 రోజుల్లోపు వాళ్లు ఫిర్యాదు తేల్చాలి. బ్రాంచిలో కాగితం ఇస్తే రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు, కౌంటర్ దగ్గర రద్దీగా ఉన్నా సరే నిలబడండి.

ఖర్చు మీదే, కానీ రెండుసార్లు కట్ అయింది, లేదా వస్తువు రాలేదు, ఇది వేరే దారి. దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు, అంటే దుకాణానికి వెళ్లిన డబ్బుని బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం, ముందు దుకాణానికి రాసి, ఆ జవాబుతో బ్యాంకుకి వెళ్లాలి. ఏటీఎంలో నోట్లు రాకుండా డబ్బు కట్ అయితే 5 రోజుల్లో వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల పరిహారం బ్యాంకే ఇవ్వాలి.

ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి, దగ్గరికి ఎలా వెళ్లాలో నాలుగో పాఠంలో, ఫారం ఒక్కో గడి నింపుతూ చూపిస్తాను. ఈలోపు చేయాల్సిన పని: మీ టిక్కు పడని వరుసల్లో ఒకటి తీసుకుని, పైన రాసిన మెయిల్‌లో దాని వివరాలన్నీ నింపి డ్రాఫ్ట్‌లో పెట్టుకోండి, పంపాల్సిన అవసరం లేకపోయినా సరే. రిఫరెన్స్ నంబరు ఎక్కడుందో దొరకనివాళ్లు ఆ వరుస మళ్లీ చదవండి, చాలా బ్యాంకుల్లో పేరు పక్కనే 12 అంకెలు ఉంటాయి.