బస్సు మోతలో పాట వినాలంటే: క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ ఎంచుకునే తీరు

నల్లగొండలో ఎక్కి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్‌లో దిగేవాళ్లకైనా, పాలమూరులో ఎక్కి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఆరాంఘర్‌లో దిగేవాళ్లకైనా హెడ్‌ఫోన్‌కు పెట్టాల్సిన పరీక్ష ఒక్కటే. రాత్రి ఇంట్లో ఫ్యాన్ ఆపి, పాట హాయిగా వినపడే దగ్గర వాల్యూమ్ పెట్టి, అది ఎన్నో గీతో గుర్తుంచుకోండి. తెల్లారి బస్సులో అదే పాట పెట్టండి. రెండు మూడు గీతలు పెంచితే సరిపోయిందంటే హెడ్‌ఫోన్ పని చేస్తున్నట్టు. చివరి గీత దాకా పోయినా మాటలు తెలుస్తలేవంటే దాన్లోని డ్రైవర్ (ధ్వని పుట్టించే చిన్న స్పీకరు) ఎంత గొప్పదైనా ఆ ప్రయాణానికి పనికిరాదు.

బస్సులో మనల్ని సతాయించేది కండక్టర్ మాటో, పక్క సీటు ఫోనో అనుకుంటాం. అసలు బెడద అడుగు నుంచి వచ్చే ఇంజిన్ మోత. 6 సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే సిలిండర్లు సెకనుకు 75 సార్లు మండుతాయి. 4 సిలిండర్లదైతే 50 సార్లు. అంటే మోత 50 నుంచి 100 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని సార్లు అని లెక్క) చుట్టూ ఉంటుంది. పాటలో బేస్, అంటే గుమ్మనే కింది ధ్వని ఉండేదీ అక్కడే. అందుకే బస్సెక్కగానే ముందు మాయమయ్యేది డోలు, డప్పు, బేస్ గిటారు. మనం వాల్యూమ్ పెంచుతాం, అప్పుడు గొంతు, తాళం చెవిలో గుచ్చుకుంటాయి.

ఈ కింది మోతను ఆపడం, బేస్‌ను నిలబెట్టడం రెండూ ఒక్క దాని మీదే ఆధారపడి ఉన్నాయి: ప్యాడ్ చెవి చుట్టూ గాలి పోకుండా పట్టడం. సూది తీసేసిన సిరంజి చేతిలో ఉంటే ఒకసారి చూడండి. మొన మీద వేలు గట్టిగా పెట్టి నొక్కితే ఒత్తిడి తెలుస్తుంది. వేలు కొద్దిగా జరిపి మెల్లగా నొక్కండి, గాలి జారిపోతుంది, ఒత్తిడే ఉండదు. అదే సందుతో గబుక్కున నొక్కితే కొంత ఒత్తిడి మిగులుతుంది. బేస్ అంటే మెల్లగా నొక్కడం, తాళం అంటే గబుక్కున నొక్కడం. ప్యాడ్ కింద అగ్గిపుల్ల మందం సందు ఉన్నా బేస్ బయటికి పోతుంది, ఇంజిన్ మోత అదే సందులోంచి లోపలికి వస్తుంది. తాళాలు, గొంతు మాత్రం మామూలుగానే వినిపిస్తాయి కాబట్టి లోపం ఎక్కడుందో తెలియక "ఈ హెడ్‌ఫోన్‌లో బేస్ లేదు" అని తిట్టుకుంటాం.

డబ్బా మీద రాసిన మాటలు

క్లోజ్డ్ బ్యాక్ అంటే డ్రైవర్ వెనకాల కప్పు మూసి ఉంటుంది. ఓపెన్ బ్యాక్‌కు వెనక జాలీ ఉంటుంది, బయటి సప్పుడంతా లోపలికి వస్తుంది, మీ పాట పక్కవాళ్లకు వినపడుతుంది. బస్సుకు అది వద్దే వద్దు. ఓవర్ ఇయర్ అంటే ప్యాడ్ చెవి చుట్టూ తలకు ఆనుతుంది. ఆన్ ఇయర్ అంటే చెవి మీదనే కూర్చుంటుంది. అది చిన్నగా, తేలికగా ఉంటుంది గానీ గట్టిగా బిగిస్తేనే సప్పుడు ఆగుతుంది, గంట దాటితే చెవి నొప్పి పుడుతుంది.

ఎక్కువ మంది మోసపోయేది ఈఎన్‌సీ దగ్గర. తక్కువ ధర డబ్బాల మీద ఈ మూడక్షరాలు పెద్దగా అచ్చేస్తారు. అది మీరు ఫోన్ మాట్లాడేటప్పుడు మైకులోకి వచ్చే సప్పుడును తగ్గించే ఏర్పాటు. అవతలి మనిషికి మీ మాట స్పష్టంగా వినపడుతుంది, మీ చెవికి ఒరిగేదేమీ లేదు. మీ చెవికి వచ్చే మోతను కరెంటుతో తగ్గించేది ఏఎన్‌సీ. ఆ మాట ఉందో లేదో చూడండి. ఇక 40 మిల్లీమీటర్ల డ్రైవరా 50 మిల్లీమీటర్లదా, 20 వేల హెర్ట్జ్ దాకా పోతుందా 40 వేల దాకానా అన్నవి నాణ్యత సంగతి ఏమీ చెప్పవు. వదిలేయండి.

కొలత, పట్టు

కొనడానికి పోయే ముందు అద్దం ముందు నిలబడి చెవి పొడుగు, వెడల్పు స్కేలుతో కొలవండి. ప్యాడ్ లోపలి రంధ్రం ఆ పొడుగు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. ప్యాడ్ లోతు కూడా చూడండి: చెవి అంచు లోపలి బట్టకు తగులుతుంటే అరగంటలో అక్కడ మంట పుడుతుంది. చెవులు బయటికి నిలబడి ఉన్నవాళ్లకు ఈ లోతే అన్నిటికన్నా ముఖ్యం.

తర్వాత పట్టు పరీక్ష. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకొని 50 హెర్ట్జ్ సైన్ మోత మెల్లగా పెట్టండి. హెడ్‌ఫోన్ పెట్టుకొని రెండు కప్పులనూ అరచేతులతో కొద్దిగా లోపలికి నొక్కండి. మోతలో పెద్దగా తేడా రాకపోతే పట్టు బాగుంది. నొక్కగానే మోత పెరిగి, వదలగానే పడిపోతే ఎక్కడో సందు ఉంది. ఒక్కో కప్పును విడిగా నొక్కితే ఏ పక్కనో తెలుస్తుంది. ఎక్కువగా దొరికే చోట్లు మూడు: చెవి కింద దవడ వెనకాల గుంత, కళ్లద్దాల కాడ, చెవి మీద పడ్డ జుట్టు.

కళ్లద్దాలు ఉంటే వాటితోనే పరీక్షించండి, తీసి కాదు. కాడ సన్నగా ఉండి, ప్యాడ్ నురుగు మెత్తగా, మందంగా ఉంటే కాడ చుట్టూ నురుగు సర్దుకుంటుంది. మందమైన ప్లాస్టిక్ కాడలకు గట్టి ప్యాడ్ తోడైతే ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్‌కైనా పట్టు కుదరదు. జుట్టును చెవి వెనక్కి తీసి, జడను హెడ్‌బ్యాండు కిందికి రాకుండా వేసుకోవాలి. తలకు కట్టుకున్న స్కార్ఫ్ మీద పెట్టుకుంటే బట్టలోంచి గాలి పోతుంది, కాబట్టి వీలైతే స్కార్ఫ్ కిందనే పెట్టుకోండి.

బిగింపు మరీ ఎక్కువైతే రాత్రంతా హెడ్‌ఫోన్‌ను మీ తల కన్నా కొంచెం వెడల్పున్న పుస్తకాల కట్టకు తొడిగి ఉంచండి. రెండు మూడు రాత్రుల్లో వదులవుతుంది. ఒక్కసారే చేతులతో విరిచి వంచితే ప్లాస్టిక్ జాయింటు పగులుతుంది, బిగింపు పూర్తిగా పోతే పట్టూ పోతుంది.

ధ్వని చూసుకోవడం

వెనక మూసిన కప్పులో ఒక చిక్కు ఉంది. డ్రైవర్ వెనక్కి నెట్టిన గాలి కప్పు గోడకు కొట్టి తిరిగి వస్తుంది. లోపల దూది, నురుగు సరిగా పెట్టకపోతే గొంతులు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటాయి. హెడ్‌ఫోన్ పెట్టుకొని కప్పును గోటితో కొట్టి చూడండి. గుల్లగా టంగుమంటే అనుమానించాల్సిందే.

దుకాణంలో వాళ్లు పెట్టే డీజే పాట వినకండి, దాంతో అన్నీ బాగానే ఉంటాయి. మీకు ప్రతి అక్షరం తెలిసిన మూడు పాటలు ఫోన్‌లో దించుకొని పోండి. ఒకటి ఘంటసాల కాలం నాటి మోనో రికార్డు. మోనోలో రెండు చెవులకూ ఒకే ధ్వని వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా నుదుటి నడుమ నిలబడాలి. ఎడమకో కుడికో జరిగితే హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టుకోండి. గొంతు కూడా పక్క మారితే లోపం డ్రైవర్లలో ఉంది, ఆ పీసు వద్దనండి. మారకుండా అదే పక్క ఉంటే పట్టు తేడానో మీ చెవి తేడానో. రెండోది డప్పు ఉన్న పాట. చర్మం మీద పుల్ల పడిన దెబ్బ, దాని వెనక వచ్చే గుమ్ము వేరువేరుగా తెలియాలి. రెండూ కలిసి ఒకటే "భుం" అని సాగితే బేస్ ఉబ్బి ఉందని అర్థం. మూడోది ఆడగొంతుతో, స, శ ఎక్కువున్న పాట. ఆ అక్షరాల దగ్గర పళ్లు జివ్వుమంటే 6 వేల నుంచి 9 వేల హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఎక్కువ చేశారు. అది అలవాటవుతుందని దుకాణదారు అంటాడు, కాదు.

ఇలా తీరిగ్గా విననిచ్చే చోట్లు మన జిల్లాల్లో తక్కువ. హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీ వైపో, సికింద్రాబాద్ సీటీసీ వైపో అడిగి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి పంపే గడువు ముందే చదవండి, ఆ గడువులో కనీసం ఒక్కసారి బస్సెక్కండి.

ఫోన్ లాగగలదా?

ఇది తీగ హెడ్‌ఫోన్లకు. ఫోన్ చార్జింగ్ రంధ్రానికి హెడ్‌ఫోన్ తీగను కలిపే చిన్న ముక్కను డాంగిల్ అంటారు. చాలా యూఎస్‌బీ-సీ డాంగిళ్లు అర వోల్టు నుంచి 1 వోల్టు దాకా ఇస్తాయి. హెడ్‌ఫోన్ కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో ఓమ్‌లలో, సప్పుడు ఎంత గట్టిదో డెసిబెల్‌లో చెబుతారు. అర వోల్టే అనుకుందాం. 38 ఓమ్‌లు, 1 మిల్లీవాట్‌కు 99 డెసిబెల్ ఇచ్చే హెడ్‌ఫోన్‌కు దాంతో సుమారు 6.6 మిల్లీవాట్లు అందుతాయి, గరిష్ఠ మోత 107 డెసిబెల్. కావలసినదాని కన్నా ఎక్కువే. 250 ఓమ్‌లు, 96 డెసిబెల్ హెడ్‌ఫోన్‌కు సరిగ్గా 1 మిల్లీవాట్ అందుతుంది, గరిష్ఠం 96. పాట సగటు గరిష్ఠానికి 15 డెసిబెల్ కింద ఉంటుంది కాబట్టి అది 80 దగ్గర ఆగిపోతుంది. రాత్రి గదిలో సరిపోతుంది, బస్సులో చాలదు. 80 ఓమ్‌ల లోపు, 95 డెసిబెల్ పైన ఉన్నదైతే ఫోన్‌కు చాలు.

డాంగిల్ కొనేటప్పుడు లోపల డ్యాక్ (ఫోన్‌లోని డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే కరెంటుగా మార్చే చిప్పు) ఉన్నదే అడగండి. డ్యాక్ లేని ఉత్త తీగ డాంగిళ్లు కొన్ని ఫోన్లలో పని చేస్తాయి, కొన్నింట్లో అసలు పలకవు.

ఏఎన్‌సీ ఎప్పుడు

ఏఎన్‌సీ బయటి మోతను మైకుతో విని, దానికి ఎదురు మోతను పుట్టిస్తుంది. సుమారు 1000 హెర్ట్జ్ లోపు మోత మీదే దాని బలం. ఆ పైన ఆపాల్సింది ప్యాడ్, కప్పే. ఇంజిన్ 75 హెర్ట్జ్ మోతకు అంతకన్నా మంచి మందు లేదు. ఏసీ బస్సులో, రైల్లో నిజంగా హాయి.

ఎక్స్‌ప్రెస్‌లో, పల్లె వెలుగులో కిటికీ తెరిచి కూర్చుంటే కథ మారుతుంది. గాలి మైకు రంధ్రాల మీద కొట్టగానే ఆ సప్పుడును కూడా మోతనుకొని హెడ్‌ఫోన్ తానే బరబరమని శబ్దం పుట్టిస్తుంది. కొన్నింట్లో గాలి మోడ్ ఉంటుంది. లేకపోతే ఏఎన్‌సీ ఆపేయండి, లేదా కిటికీ నుంచి ఒక సీటు ఇవతలికి జరగండి. అందుకే కొనేముందు ఏఎన్‌సీ ఆపి కూడా పాట వినాలి. చాలా మోడళ్లలో ఆపగానే ధ్వని మారిపోతుంది, బేస్ ఉబ్బడమో పలచబడడమో జరుగుతుంది.

తీగ లేనివాటిలో కోడెక్ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి) గురించి మరీ బెంగ అక్కర్లేదు. ఎల్‌డీఏసీ అనే కోడెక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పోతుంది గానీ జనం కిక్కిరిసిన బస్సులో ఆ వేగం నిలవక తెగుతుంటే తక్కువకు దించుకోవడమే మేలు. ఆ మోతలో తేడా పట్టలేం.

కొన్ని పేర్లు

ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ మడిచి సంచిలో వేసుకోవచ్చు, తీగను ఊడదీసి మార్చుకోవచ్చు, డబ్బాలో 3 తీగలుంటాయి, అందులో 1.2 మీటర్లది ప్రయాణానికి సరిగ్గా సరిపోతుంది. బేస్ కొద్దిగా ఎక్కువ, బస్సులో అది దోషం కాదు. ఎం40ఎక్స్ అంతకన్నా సమంగా పలుకుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 25 ఆన్ ఇయర్, తీగ కాక 140 గ్రాములే, 1988 నుంచి ఉంది, ప్రతి ముక్కా విడిగా దొరుకుతుంది. సప్పుడు బాగా ఆపుతుంది, చెవిని మాత్రం నొక్కుతుంది. అదే కంపెనీ హెచ్‌డీ 280 ప్రో 32 డెసిబెల్ దాకా ఆపుతుందని చెప్పుకుంటుంది, ఆ లెక్క పై ధ్వనులకే గానీ ఇంజిన్ మోతకు కాదు. సోనీ ఎండీఆర్-7506 మాటను బాగా విప్పి చూపుతుంది గానీ 3 మీటర్ల చుట్టల తీగ ఊడిరాదు, ఒళ్లో బరువు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో తీసుకుంటే 32 లేదా 80 ఓమ్‌లది తీసుకోండి. మడవలేం, కానీ నాలుగు గంటలైనా నొప్పి రాదు.

చెవి లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్ అంటుంది. ప్రతి 3 డెసిబెల్‌కు గంటలు సగమవుతాయి: 83కు 20, 86కు 10. పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు తిరిగేవాళ్లకు 86 దగ్గర వారం కోటా రెండు రోజుల్లోనే అయిపోతుంది. పట్టు బాగుండి 6 డెసిబెల్ తగ్గించి వినగలిగితే ఆరు రోజుల 30 గంటలూ కోటాలోనే ఉంటాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పని చేసేవాళ్లకు ఒక మాట: పాటల హెడ్‌ఫోన్ చెవి రక్షణ కవచం కాదు. అక్కడికి రక్షణ కోసమే చేసిన ఇయర్‌మఫ్ వేరే ఉంటుంది.

ఎండ, చెమట, ప్యాడ్

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ప్యాడే ముందు పోతుంది. రెక్సిన్ ప్యాడ్ మీద చెమట, తల నూనె చేరి పైపొర పొలుసులుగా రాలుతుంది, నల్లటి పొట్టు చెవికి అంటుకుంటుంది. పొర పగిలిందంటే గాలి సందులు పడ్డట్టే, బేస్ తగ్గుతుంది. చల్లగా ఉంటాయని మఖమల్ ప్యాడ్లు తెచ్చి వేస్తారు కొందరు. వేయొచ్చు గానీ బట్టలోంచి గాలి పోతుంది కాబట్టి ముందు చెప్పిన పట్టు కొంత వదులుకోవాలి. చిల్లుల ప్యాడ్లకూ ఇదే లెక్క.

వాడిన ప్రతిసారీ పొడి బట్టతో తుడవండి. శానిటైజర్, స్పిరిట్ వద్దు, రెక్సిన్ గట్టిపడి పగులుతుంది. ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలితే జిగురు కరిగి నురుగు ఊడుతుంది. కొనేటప్పుడే ఆ మోడల్‌కు విడి ప్యాడ్లు దొరుకుతాయో లేదో చూడండి. దొరకనిది ఎంత చవకైనా రెండు ఎండాకాలాలకు మించి నమ్మకం లేదు.

ప్యాడ్ మార్చడానికి పాతదాని అంచు కింద బొటనవేలు పెట్టి చుట్టూ మెల్లగా లాగితే ఊడుతుంది. కొత్తదాని అంచును కప్పు గాడిలో ఒక మూల ఎక్కించి, ఆ మూలను పట్టుకొని మిగతాది చుట్టూ సాగదీస్తూ ఎక్కించండి. ఒక్క చోట అంచు బయట ఉన్నా సందే. ఎక్కించాక మళ్లీ 50 హెర్ట్జ్ మోత పెట్టి, కప్పులను అరచేతులతో నొక్కి చూడండి.