గల్ఫ్‌కి బయలుదేరే ముందు: మతం విషయంలో జాగ్రత్తలు

శ్రీకాకుళం జిల్లాలో మా సోంపేట, కవిటి, కంచిలి వైపు ఏ వీధిలో చూసినా గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఇళ్లు నాలుగైదు కనిపిస్తాయి. వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో. కొత్తగా వెళ్లే కుర్రాళ్లు మెడికల్ గురించి అడుగుతారు, ఏజెంటు డబ్బుల గురించి అడుగుతారు, మతం గురించి మాత్రం ఎవరూ అడగరు. నేను కువైట్‌లో పదకొండేళ్లు చేసి వచ్చాను. అడగకపోయినా చెప్పాల్సిన విషయం ఇది.

ఇక్కడ ఊరంతా మనవాళ్లే అన్న ధైర్యంతో మాట్లాడతాం. అక్కడ హిందువైనా, క్రైస్తవుడైనా మనం కొద్దిమందిమి. మా ఊళ్లో ఉన్న రెండు ముస్లిం కుటుంబాలు ఎంత చూసి మాట్లాడతాయో నాకు అక్కడికి వెళ్లాకే అర్థమైంది.

అన్నిటికంటే ముందు ఫోను. విమానం ఎక్కడానికి వారం ముందు ఒక సాయంత్రం కూర్చుని మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టా మొత్తం కిందిదాకా చూడండి. ఎలక్షన్ల టైములో షేర్ చేసినవి, ఎవరో పంపితే నవ్వుకుని ఫార్వర్డ్ చేసినవి, ఏ మతాన్నయినా కించపరిచేవి అన్నీ తీసేయండి. పార్టీ గ్రూపుల్లోంచి, కులం గ్రూపుల్లోంచి బయటికి వచ్చేయండి. 'నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే' అంటే అక్కడ కుదరదు. యూఏఈలో మత ద్వేషం మీద 2015లోనే ప్రత్యేక చట్టం తెచ్చారు, జరిమానాలు లక్షల దిర్హాముల్లో ఉంటాయి. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, ముస్లింలను తిడుతూ పోస్టులు పెట్టిన కొందరు భారతీయుల ఉద్యోగాలు అక్కడ పోయాయి. వివక్ష చట్టవిరుద్ధమని గుర్తుంచుకోండంటూ అప్పటి మన రాయబారి పవన్ కపూర్ బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. సౌదీలో ఇంకా కష్టం. దైవదూషణకు ఇంత శిక్ష అని రాసిపెట్టిన సెక్షన్ ఉండదు, షరియా ప్రకారం జడ్జి తేలుస్తారు.

మీరు ఏమీ రాయకపోయినా ప్రమాదం ఉంది. కర్ణాటక తీరం నుంచి వెళ్లిన ఒక ఏసీ మెకానిక్‌ని 2019 డిసెంబరులో సౌదీలో అరెస్టు చేశారు. మక్కా మీద, యువరాజు మీద అతని పేరుతో పోస్టులు వచ్చాయి. ఆ అకౌంటు అతనిది కాదు, ఇండియాలో ఎవరో అతని పేరు, ఫోటో పెట్టి తెరిచారు. భార్య ఇక్కడి పోలీసులకు ఫిర్యాదు చేసింది, వాళ్లు దర్యాప్తు చేసి నకిలీదని తేల్చారు. అయినా అతను ఇల్లు చేరేసరికి 2021 ఆగస్టు అయింది. అందుకే ప్రొఫైల్ లాక్ చేయండి, రెండంచెల పాస్‌వర్డ్ పెట్టండి, క్యాంపులో, అంటే కంపెనీ ఇచ్చే బసలో, ఫోను ఎవరి చేతిలోనూ వదలకండి. మీ పేరుతో వేరే అకౌంటు కనిపిస్తే, అది మాయమయ్యేలోపు లింకుతో సహా స్క్రీన్‌షాట్ తీయమని ఇంట్లోవాళ్లకు నేర్పించండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో, దగ్గరి స్టేషన్‌లో అదే రోజు ఫిర్యాదు చేయాలి.

ఇంకొకటి, కాగితాలు. నా రెండో ఏడాది సంగతి. సైట్‌లో నేల మీద పాత అరబిక్ పేపరు పరిచి ఉప్మా పెట్టుకున్నాను. మనకు అలవాటే కదా, బజ్జీ కూడా పేపర్లోనే తింటాం. నాతో పనిచేసే సూడాన్ పెద్దాయన వచ్చి, మాటా పలుకూ లేకుండా నా గిన్నె పక్కన పెట్టి, ఆ పేపరు తీసి మెతుకులు దులిపి, మడతపెట్టి, నుదుటికి తాకించి బీరువా మీద పెట్టాడు. తర్వాత తన అట్టముక్క తెచ్చి నా కింద వేశాడు. ఆ కాగితంలో దేవుడి పేరు ఉండొచ్చని తర్వాత చెప్పాడు. ఆయన స్థానంలో కోపిష్టి ఎవరైనా ఉంటే నా గతి ఏమిటని ఇప్పటికీ అనుకుంటాను. పాకిస్తాన్‌లో సియాల్‌కోట్‌లో 2021 డిసెంబరు 3న ప్రియాంత కుమార అనే శ్రీలంక మేనేజరును ఫ్యాక్టరీలో మతపరమైన రాతలున్న స్టిక్కర్లు తీసేశాడన్న కారణంతో గుంపు కొట్టి చంపి కాల్చేసింది. పొట్టకూటికి పరాయి దేశం వెళ్లినవాడే అతనూ. గల్ఫ్‌లో గుంపులు అలా చేయవు. కానీ మీ గదిలో పదిమంది పది దేశాలవాళ్లు ఉంటారు, ఎవరి గుండెలో ఏ గాయముందో మనకు తెలీదు. అరబిక్ అక్షరాలున్న కాగితం, స్టిక్కరు, క్యాలెండరు తొక్కకండి, చించకండి, చేతులు తుడవకండి. మెషీను మీద స్టిక్కరు తీయాల్సి వస్తే ఫోర్‌మన్‌తో చెప్పి, ముస్లిం సహోద్యోగి చేత తీయించండి.

రంజాన్‌లో పగలు బయట తినకండి, తాగకండి, సిగరెట్ ముట్టకండి. కువైట్‌లో దీనికి నెల జైలు లేదా 100 దినార్ల జరిమానా దాకా ఉంది. ఎండలో పనిచేస్తే నీళ్లు తాగకుండా ఉండలేరు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే కాబట్టి నీళ్లు మానేయమని నేను చచ్చినా చెప్పను. నలుగురికీ కనపడకుండా లోపలికి వెళ్లి తాగండి.

పూజ, ప్రార్థన దేశాన్ని బట్టి మారతాయి. దుబాయ్‌లో, అబూదాబిలో గుళ్లు ఉన్నాయి, కువైట్, ఖతార్‌లలో చర్చిలు ఉన్నాయి. సౌదీలో ఏవీ లేవు. అక్కడికి వెళ్లేవాళ్లు విగ్రహాలు, కరపత్రాలు పట్టుకెళ్లకండి. గదిలో ప్రార్థన చేసుకుంటే మీవరకే చేసుకోండి, మైకు వద్దు, వీడియో తీసి స్టేటస్ పెట్టడం అసలు వద్దు. క్రైస్తవ తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను, సువార్త చెప్పాలన్న ఆసక్తి ఎంత ఉన్నా ముస్లింలకు చెప్పడం అక్కడ నేరం. మతం మీద వాదన మొదలైతే, మీదే న్యాయమైనా సరే, టీ తాగొస్తానని లేచి వెళ్లిపోండి.

పోలీసులు పట్టుకుంటే ఎదురు మాట్లాడకండి. అర్థం కాని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టకండి, అనువాదం చేసే మనిషిని అడగండి, ఇండియన్ ఎంబసీకి చెప్పమని అడగండి. అలా అడిగే హక్కు అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చింది. యూఏఈలో భారతీయుల సహాయ కేంద్రం నంబరు 80046342. ఇక్కడి నుంచి కుటుంబం విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఊరివాళ్లు మాత్రం ఆవేశంతో అతని ఫోటో పెట్టి పోస్టులు పెట్టకూడదు. ఆ పోస్టులు అక్కడి పోలీసులూ చూస్తారు.

బయలుదేరే రోజు ఒక తెల్లకాగితం మీద పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, కంపెనీ పేరు, క్యాంపు చిరునామా, పక్క బెడ్డు మనిషి ఫోను రాసి అమ్మకో, భార్యకో ఇవ్వండి. అక్కడ దిగాక సివిల్ ఐడీ (అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) నంబరు ఫోన్‌లో చెప్పి అదే కాగితం మీద రాయించండి.