హెడర్ పగులు, బానెట్ కింద సెగ: నా అనుభవం

కర్నూలు నుంచి అనంతపురం వైపు 44వ జాతీయ రహదారి ఎక్కితే నా స్పోర్ట్స్ కారు బానెట్ పొయ్యిలా కాలేది. ఉదయం స్టార్ట్ చేయగానే టకటకమని శబ్దం, ఇంజిన్ వేడెక్కాక తగ్గేది. కంపెనీది తీసి బయట కొని వేసిన స్టెయిన్‌లెస్ ఎగ్జాస్ట్ హెడర్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల గుత్తి) విప్పించాను. ఒక గొట్టం అతుకు అంచున సన్నని పగులు, చుట్టూ నల్లని మసి. ఫ్లాంజ్‌పై, అంటే హెడర్‌ను ఇంజిన్‌కు బోల్టులతో బిగించే పలకపై, స్టీలు స్కేలు నిలబెడితే మధ్యలో వెలుతురు కనిపించింది: పలక వంగిపోయింది.

304 రకం స్టెయిన్‌లెస్ వేడికి మామూలు ఉక్కు కంటే దాదాపు 40 శాతం ఎక్కువ వ్యాకోచిస్తుంది. పలుచని ఫ్లాంజ్ ఆ లాగుడుకు వంగిపోతుంది. గొట్టం లోపలికి గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు నింపకుండా వెల్డింగ్ చేస్తే అతుకు వెనకవైపు గరుకుదేరి బలహీనపడుతుంది. ఇది తయారీలో చూపిన పిసినారితనం, రాయలసీమ ఎండను నిందించి లాభం లేదు.

ఫ్లాంజ్‌ను మిల్లింగ్ యంత్రంపై చెక్కించి చదును చేయించి, ఆర్గాన్ నింపి టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో చేసే వెల్డింగ్) పెట్టించాను. ఫ్లాంజ్‌కీ ఇంజిన్‌కీ మధ్య పొగ బయటికి రాకుండా పొరల స్టీలు గ్యాస్కెట్ వేశాం. గొట్టాలకు వేడి నిరోధక పట్టీ చుట్టమన్నారు, ఒప్పుకోలేదు: అది తేమను పట్టి ఉంచుతుంది, పలుచని గొట్టాన్ని మరింత కాలుస్తుంది. బదులుగా కాస్త ఖాళీ వదిలి అల్యూమినియం రేకు అడ్డు పెట్టించాను. శబ్దం పోయింది, సెగ బాగా తగ్గింది. బోల్టులు మధ్య నుంచి చివరలకు బిగించండి. ఇంజిన్ వేడెక్కి చల్లారాక మరోసారి చూసుకోండి.