సీమంతం నాడే మునగ గింజ నాటండి

మీ ఇంట్లో ఎవరికైనా సీమంతం దగ్గర పడిందా? అయితే గాజులు, పసుపు, కుంకుమ తెచ్చే లిస్టులోనే కాసిని మునగ గింజలు, రెండు మూడు బొప్పాయి మొక్కలు కూడా రాసుకోండి. సరదాకి చెప్పట్లేదు, లెక్క చూడండి. ఏడో నెలలో సీమంతం చేస్తే, బిడ్డ పుట్టి ఆరు నెలలు నిండి మొదటి ముద్ద తినేసరికి ఇంకా ఎనిమిది తొమ్మిది నెలలు ఉంటుంది. పీకేఎం-1 రకం మునగ గింజ నాటితే మూడో నెల నుంచే లేత ఆకు కోసుకోవచ్చు, ఆరేడు నెలలకి కాత మొదలవుతుంది. బొప్పాయి తొమ్మిది పది నెలలకి పండు ఇస్తుంది. అన్నప్రాశన అయిపోయాక తీరిగ్గా ఆలోచించి అప్పుడు గింజలు చల్లితే, తోటకూర లాంటి ఒకటి రెండు తప్ప ఏదీ ఆ బిడ్డకి సమయానికి అందదు. (గర్భిణి ఉన్న ఇంట్లో బొప్పాయి ఏంటని పెద్దవాళ్ళు గొడవ చేస్తే, నాటేది ఆమె కోసం కాదు, పుట్టబోయే మనవడి కోసం అనండి. చాలామంది మెత్తబడతారు.)

ఊళ్ళల్లో పెరటి తోటల గురించి మాట్లాడేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, విత్తనాల కిట్లు కూడా పంచుతున్నారు. మంచిదే. కానీ కాసింది పెద్దవాళ్ళ పులుసులోకీ, మిగిలింది సంతలోకీ పోతే పసిపిల్లకి ఒరిగేదేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. వానపడితే గట్ల మీద కూడా ఆకుకూర మొలిచే నేల మనది! అందుకే ముందు పిల్ల గిన్నెలో ఏముండాలో తేల్చుకుని, దాన్నిబట్టి మడి కట్టండి.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దు, ఎండాకాలమైనా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. నిండాక పాలిస్తూనే రోజుకి రెండు మూడు సార్లు, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా అరకప్పు దాకా తీసుకెళ్ళాలి. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు సార్లు. ఏడాది దాటాక పూటకి ముప్పావు కప్పు నుంచి కప్పు, మధ్యలో పండో ఉడికిన చిలగడదుంపో. తల్లిపాలు రెండేళ్ళ దాకా కొనసాగించాలి. ఏడాది లోపు తేనె నాకించొద్దు, ఉప్పూ చక్కెరా కలపక్కర్లేదు.

మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగే పొరపాటు పల్చగా పెట్టడం. పప్పు మీద తేటనో చారునో అన్నంలో పోసి మెదిపి పెడతాం, పిల్ల గుటుక్కున మింగేస్తుంది, తిన్నదిలే అనుకుంటాం. ఆ పొట్ట ఎంతని? అందులో నీళ్ళు నింపేస్తే తిండికి చోటెక్కడుంటుంది? చెంచా కాస్త వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి ముద్ద. రాగి జావ మరీ జిగురుగా అయిపోయి చిక్కగా పెట్టలేకపోతున్నాం అనేవాళ్ళు రాగుల్ని మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. ఆ పిండి కాచినప్పుడు అంతగా గట్టిపడదు, కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది.

ఇక ఆ ముద్దలో అన్నమో రాగో, దాంతో పప్పు, ఆకుకూర, పసుపో నారింజో రంగున్న కూరగాయ లేదా పండు, ఒక చెంచా నెయ్యి లేదా నూనె ఉండాలి, వీలైనప్పుడల్లా గుడ్డు. నెయ్యి రుచికోసం కాదు, గుమ్మడిలోనూ ఆకుల్లోనూ ఉండే విటమిన్ ఏ పట్టాలంటే కొవ్వు కావాలి. పెరడు ఇచ్చేది ఇందులో రెండు మూడు వస్తువులే అని గుర్తుంచుకోండి. "మునగాకు తింటే రక్తం పడుతుంది" అన్నది సగం నిజం. ఆకుల్లో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. ఉడికిన ఆకుపప్పులో దించాక రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఆ పట్టడం కొంత పెరుగుతుంది, టమాటా వేసినా, పైన జామపండు గుజ్జు పెట్టినా అంతే. టీ దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది, పిల్లలకి టీలో బిస్కట్ ముంచి పెట్టే అలవాటు ఈరోజే మానేయండి. మాంసం తినే ఇళ్ళల్లో చేపో, మెత్తగా ఉడికించిన కార్జమో వారంలో ఒకటి రెండు సార్లు పెడితే ఇనుము సంగతిలో ఏ ఆకూ దానికి సాటి రాదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున వేసే ఐరన్ సిరప్ గురించి ఆశా కార్యకర్తని అడగండి. తోట ఉంది కదా అని సిరప్ ఆపొద్దు.

ఇప్పుడు తోట. అర సెంటు, అంటే పాతిక గజాల చోటు ఉన్నా ఒక పిల్లకీ తల్లికీ ఆకుకూర సరిపోతుంది. రోజుకి ఐదారు గంటలు ఎండ తగలాలి. నా దృష్టిలో ఎండ తర్వాత చూసుకోవాల్సింది మట్టి కాదు, దూరం. తల్లి పొద్దున్నే కూలికి వెళ్ళిపోతుంది, పిల్ల నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటుంది, ఆ ముసలావిడ మోకాళ్ళ నొప్పులతో చేను దాకా పోయి ఆకు తెస్తుందా? వంటింటి గుమ్మం నుంచి పది అడుగులు వేస్తే అందేలా మడి ఉండాలి. ఏం వేయాలో కూడా ఆవిణ్ణే అడగండి, ఆ తోటకి పెత్తనం ఆవిడదే.

మడి వెడల్పు మూడు అడుగులు మించొద్దు, రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి, లోపలికి దిగి తొక్కితే నేల గట్టిపడిపోతుంది. బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వద్దు, చెదలు పడతాయి, పైగా ఆకుకూర నేలకి ఆనుకుని ఉంటుంది కాబట్టి రోగాలు కూడా. తోటకూర గింజ మరీ సన్నం, పొడి ఇసుకలో కలిపి చల్లితేనే సమంగా పడుతుంది. మడంతా ఒకేసారి చల్లకండి! మూడు భాగాలు చేసి పది రోజులకో భాగం చల్లితే ఒకటి కోసేలోపు ఇంకోటి అందుకుంటుంది. తోటకూర 25-30 రోజులకి కోతకొస్తుంది. మెంతి, పాలకూర చలికాలంలో బాగా వస్తాయి. బచ్చలి తీగని కంచెకి పాకించండి, పొన్నగంటి కాడలు తడి ఉన్న చోట గుచ్చండి, ఈ రెండూ ఒకసారి పట్టుకుంటే మళ్ళీ విత్తే పని ఉండదు. గోంగూర, చుక్కకూర మనకి ప్రాణమే కానీ వాటిలో, పాలకూరలో కూడా, ఉండే ఆక్సలేట్ కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు, పసిపిల్లకి రోజూ అవే పెట్టకుండా మార్చి మార్చి పెట్టండి.

తొలకరికి గుమ్మడి, చిక్కుడు పాదులు పెట్టేయండి. పండిన గుమ్మడికాయ తొడిమతో సహా కోసి గాలి తగిలే చోట పెడితే నెలల తరబడి పాడవదు, పిల్లకి ఇంతకంటే సులువైన కూర నాకు తెలీదు, ఉడికితే వెన్నలా అయిపోతుంది, తియ్యగా ఉంటుంది కాబట్టి ఉమ్మేయదు. చిలగడదుంప వేసేట్టయితే లోపల నారింజ రంగున్న రకం తీగ సంపాదించండి, తెల్లదానిలో విటమిన్ ఏ దాదాపు ఉండదు. బొప్పాయి మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే కుళ్ళి పడిపోతుంది, కాస్త ఎత్తు చేసి నాటండి. ఒక్కటే నాటితే మగ చెట్టయి కూర్చోవచ్చు, అందుకే రెండు మూడు. గిన్నెలు తోమిన నీళ్ళు అరటికి మళ్ళించండి, ఆకుకూర మడికి మాత్రం శుభ్రమైన నీళ్ళే పోయాలి. మునగని గొంగళి పురుగులు పట్టే కాలం ఒకటుంటుంది, ఉయ్యాల కట్టే చూరుకీ కిటికీకీ దూరంగా వేయండి. చెట్టు మీ తల ఎత్తు దాటగానే చివర్లు తుంచేస్తుంటే గుబురుగా పెరిగి ఆకు చేతికందుతుంది, వదిలేస్తే ఆకాశంలో పూస్తుంది.

పురుగు కనబడగానే చేలో కొట్టే మందు తెచ్చి చల్లడం మాత్రం చేయకండి. పేనుబంకకి వేపాకు కషాయమో, చారెడు వేపగింజలు దంచి రాత్రంతా నానబెట్టి వడకట్టిన నీళ్ళో చాలు, సాయంత్రం పూట కొట్టండి, రెండు మూడు రోజులు ఆగి కోసుకుని బాగా కడగండి. చేల గట్ల మీద మొలిచే గంగవాయిలి కూర లాంటివి తెచ్చుకునే అలవాటుంటే మానొద్దు. జహీరాబాద్ వైపు ఆడవాళ్ళు విత్తకుండా మొలిచే ఇలాంటి ఆకుల్ని ఎన్నో గుర్తుపట్టి వండుతారు. పత్తి చేల దగ్గరివి, మందు కొట్టిన చోటివి మాత్రం ముట్టొద్దు.

కోళ్ళుంటే గుడ్లకి ఢోకా లేదు కానీ కంచె లేని తోట కోళ్ళకే భోజనం. రాత్రి గూట్లో మూయండి, పగలు పాకే పిల్ల ఉండే వాకిట్లోకి రానివ్వకండి. కోడి రెట్ట చేతికంటి నోట్లోకి పోతే విరేచనాలు పట్టుకుంటాయి, అప్పుడు ఎంత మంచి తిండి పెట్టినా నిలవదు. పెట్టేముందు చేతులు సబ్బుతో కడగడం, పిల్ల చేతులు కూడా.

వంటకి విడిగా టైం ఎవరికీ ఉండదు కాబట్టి విడిగా వండకండి. ఇంటిల్లిపాదికీ వండే పప్పులోనే ఆకు వేసి ఉడికించి, ఉప్పూ కారమూ వేసేముందు పిల్ల వాటా తీసి పక్కన పెట్టండి. ఆకు కడిగాకే తరగాలి, తరిగి కడిగితే ఉన్నది కాస్తా నీళ్ళపాలు. ఒక గుప్పెడు ఆకు ఉడికితే రెండు చెంచాలవుతుంది, అది పిల్లకి చాలు. మొదట్లో మెత్తగా మెదపండి, తొమ్మిదో నెల నుంచి కాస్త బరకగా వదిలేయండి, లేకపోతే నమలడం నేర్చుకోదు. కొత్త రుచి మొదటిసారి ఉమ్మేస్తే "మా పిల్లకి ఆకుకూర పడదు" అని తీర్మానించేయకండి, రెండు రోజులాగి మళ్ళీ పెట్టండి, ఎనిమిది పది సార్లు పెట్టాక అలవాటుపడే పిల్లలే ఎక్కువ. పల్లీలు గింజల్లా ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి, పొడి చేసి కలపండి. మునగాకు ఎక్కువైతే నీడన ఆరబెట్టి పొడి కొట్టి మూతున్న డబ్బాలో దాచండి, ఎండలో ఆరిస్తే విటమిన్ ఏ పోతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కాచేటప్పుడు ఆ పొడి ఓ అరచెంచా కలపొచ్చు. ఆ ప్యాకెట్ పిల్లదే, పెద్దవాళ్ళు లడ్డూలు చుట్టుకోవడానికి కాదు.

బాలింతని కూడా మర్చిపోవద్దు. పథ్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి అన్నం మీద ఉంచుతారు, ఆకుకూర తింటే బిడ్డకి పచ్చ విరేచనాలు అవుతాయంటారు. అలా ఏం కాదు. ఆ మడిలో మొదటి కోత ఆమెకే.

వేసవిలో చాలా తోటలు ఎండిపోతాయి. అప్పుడు అన్నీ కాపాడాలని చూడకండి, ఒక్క మడి ఉంచుకుని దాని పక్కన అడుగున చిన్న చిల్లు పెట్టిన పాత మట్టికుండని మెడదాకా పాతి, నీళ్ళు పోసి మూత పెట్టండి. తడి మెల్లగా వేళ్ళకి దిగుతుంది. మునగ ఎలాగూ తట్టుకుంటుంది. సొర, బీర, చిక్కుడు మొదటి మంచి కాయల్ని కోయకుండా ముదరనిచ్చి గింజ తీసి బూడిదలో కలిపి దాచండి. హైబ్రిడ్ గింజ దాచినా మళ్ళీ అదే కాయ రాదు, కాబట్టి నాటు రకాలే చూసుకోండి.

నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించండి, జబ్బ కొలిచే టేపు కూడా పెట్టించండి. ఆరు నెలలు దాటిన పిల్లకి 12.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే జాగ్రత్త పడాలి, 11.5 కంటే తగ్గినా, రెండు పాదాల్లో వాపు కనబడినా అది తోటతో తీరే విషయం కాదు, ఆ రోజే పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి, అవసరమైతే వాళ్ళు పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు. జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గిన పిల్లకి మాత్రం రెండు వారాల పాటు రోజుకి ఒక పూట ఎక్కువ పెట్టండి, ఆ రోజుల్లో ఆకలి కూడా బాగా వేస్తుంది.