గాలి లెక్కలు – 4: ఆరు స్టేషన్ల సగటు ఎవరి సగటు?

ఈసారి కాలక్రమం చెబుతానని మాటిచ్చాను. 1990 నుంచి మన దేశ జనం పీల్చిన సన్నధూళి (పీఎం 2.5) ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది పట్టిక చూసి చదవడం ఎలాగో చెప్పాలనుకున్నాను. మూడో పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక ఆ పని సగానికి కుదించక తప్పలేదు. తప్పంతా మీది కాదు. ‘హైదరాబాద్ సగటు కట్టండి’ అని రాశాను గానీ, ఎవరి సగటో రాయలేదు.

చాలామంది గాలిని కొలిచే పాత ఆరు స్టేషన్లనే తీసుకున్నారు: సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ, బొల్లారం, పాశమైలారం, ఇక్రిశాట్. ఆరు అంకెలూ కూడి ఆరుతో భాగించారు. కూడిక బాగానే ఉంది. కానీ యూనివర్సిటీ స్టేషన్ చుట్టూ ఉన్నవి చెట్లు, బండరాళ్లు, కొన్ని హాస్టళ్లు. జూపార్క్ గేటు దాటి బహదూర్‌పురా వైపు నడిస్తే ఇంటిని ఆనుకుని ఇల్లు. మీ లెక్కలో రెండింటికీ ఒకే ఓటు. పైగా బొల్లారం, పాశమైలారం, ఇక్రిశాట్ మూడూ పటాన్‌చెరు వైపువే. అంటే సగం ఓట్లు నగరంలో ఒక్క మూలకే పోయాయి. మనం వెతుకుతున్నది గాలి సగటు కాదు, పీల్చేవాళ్ల సగటు.

చిన్న లెక్క చేద్దాం. అంకెలు పాఠం కోసం నేను వేసుకున్నవి. ఒక పట్నంలో 10 లక్షల మంది, అక్కడ పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ఒక టౌన్లో 4 లక్షల మంది, 40. పల్లెల్లో లక్ష మంది, 20. మూడు అంకెల సగటు 40. మన దేశం 2009లో పెట్టుకున్న ఏడాది పరిమితి కూడా సరిగ్గా 40. పాసైపోయాం! ఇప్పుడు జనంతో గుణించండి: 600, 160, 20. మొత్తం 780. దాన్ని 15తో భాగిస్తే 52. ఫెయిల్. గాలి అదే, మనుషులు అదే, మారింది భాగహారమే.

(నేను జనాభాను లక్షల్లోనే రాస్తాను. మిలియన్లలో రాస్తే ప్రతిసారీ బుర్రలో పదితో గుణించుకుంటూ కూర్చోవాలి. మూడు వరుసల దాకా చేత్తోనే చేస్తాను, అంతకు మించితే ఎక్సెల్‌లో సమ్‌ప్రోడక్ట్, అంటే వరుసలను గుణించి కూడే ఫంక్షన్. యావరేజ్ ఫంక్షన్ జోలికి మాత్రం వెళ్లను.)

ఇక నాకు అసలు కోపం తెప్పించిన విషయానికి వస్తాను. ఉప్పల్ నుంచి ఒకాయన నగర సగటు 152 మైక్రోగ్రాములని పంపించి, ‘మా అమ్మను ఊరికి పంపేయమంటారా’ అని అడిగారు. ఆ టెన్షన్‌కు కారణం ఫోన్లో కనిపించే ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచిక. ఆయనొక్కరే కాదు, జవాబు పంపినవాళ్లలో సగానికి పైగా ఏక్యూఐ అంకెనే మైక్రోగ్రాములనుకుని వేశారు.

ఏక్యూఐ మైక్రోగ్రామ్ కాదు. అదొక సూచిక. గాలిలో ఉన్నది మార్కులైతే, ఫోన్లో ఉన్నది గ్రేడు. మన దేశపు స్కేలులో పీఎం 2.5 రోజు సగటు 30 ఉంటే సూచిక 50. 60 ఉంటే 100. 90 ఉంటే 200. 120 ఉంటే 300. మెట్లు సమానంగా లేవు చూశారా? 60 దాకా ఒక మైక్రోగ్రామ్ పెరిగితే సూచిక రెండు కన్నా తక్కువే కదులుతుంది, ఆ తర్వాత మూడుకు పైగా దూకుతుంది.

నా అడ్డదారి ఇది: సూచిక 100 లోపుంటే 0.6తో గుణించండి. 100 దాటితే, దాటినంతను 0.3తో గుణించి 60 కలపండి. 300 దాకా ఇది పనిచేస్తుంది. 80కి 48 వస్తుంది. 150కి 75. ఉప్పల్ ఆయన 152కి 75.6. అంటే ఆయన సగటును రెట్టింపు చేసుకుని భయపడ్డారు.

అయితే అది మన స్కేలే అన్న గ్యారంటీ ఏముంది? కొన్ని యాప్‌లు అమెరికా స్కేలు చూపిస్తాయి. అందులో 150 అంటే సుమారు 55 మైక్రోగ్రాములే. ఒకే వీధి, ఒకే గాలి, రెండు ఫోన్లు, రెండు అంకెలు! మన స్కేలే అనుకున్నా ఇంకో మెలిక ఉంది. ఏక్యూఐ అన్ని కాలుష్యాల్లోకీ ఎక్కువ వచ్చినదాన్ని మాత్రమే పైకి చూపిస్తుంది. ఫ్లైఓవర్ పనులు జరుగుతున్న చోట ఆ 150 ముతక ధూళిది, అంటే పీఎం 10ది కావచ్చు. అప్పుడది పీఎం 10 సుమారు 175 ఉందని చెబుతోంది. సన్నధూళి సంగతి అందులో లేనే లేదు. నా అడ్డదారి అక్కడ వాడితే వచ్చేది కాకి లెక్క.

ఇంకా ఉంది. కొందరు తెలివిగా ముందు రోజుల ఏక్యూఐలకు సగటు కట్టి, ఆ తర్వాత మైక్రోగ్రాముల్లోకి మార్చారు. రెండు రోజులు తీసుకోండి. ఒక రోజు 30 మైక్రోగ్రాములు, మరో రోజు 90. నిజమైన సగటు 60. సూచికల్లో అవి 50, 200. వాటి సగటు 125. వెనక్కి మారిస్తే 67.5. లేని ఏడున్నర మైక్రోగ్రాములు ఎక్కణ్నుంచి వచ్చాయి? మెట్లు సమానంగా లేకపోవడం నుంచి. ఎంసెట్ ర్యాంకులు కూడి కాలేజీ సగటు మార్కులు చెబితే ఒప్పుకుంటామా? ముందు మార్చండి, తర్వాతే సగటు. అంతకన్నా మంచిది, నేరుగా మైక్రోగ్రాములు ఇచ్చే పట్టికే తీసుకోవడం. ఏక్యూఐ ఈ రోజు వాకింగ్‌కు వెళ్లాలా వద్దా తేల్చుకోవడానికి పెట్టినది. ఏళ్ల తరబడి లెక్కకు అది పనికిరాదు.

సరే, కాలక్రమం. ప్రపంచ బ్యాంకు పట్టికలో దేశం పేరు పక్కన ఉండేది జనాభా బరువు వేసిన సగటే. దాని వెనక ఉన్నది ప్రపంచంలో జబ్బుల భారాన్ని లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అధ్యయనం. ఉపగ్రహాలకు కనిపించే మసక, గాలిలో రసాయనాల కదలికను లెక్కించే నమూనాలు, నేల మీది స్టేషన్ల కొలతలు కలిపి, దేశాన్ని గడులుగా కోసి, ఒక్కో గడిలోని జనంతో గుణిస్తారు. పై చిన్న లెక్కే, వరుసలు ఎక్కువ. కాబట్టి 1990 అంకె చూసి అప్పుడు ఊరూరా కొలిచారనుకోకండి. ఆ పాత ఏళ్లవి వెనక్కి కట్టిన అంచనాలు.

పట్టిక దించుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదట్లో ఏళ్లు అయిదేళ్లకోసారి వస్తాయి: 1990, 1995, 2000, 2005, 2010. ఆ తర్వాత ఏటా. గ్రాఫులో అన్నిటినీ సమానదూరంలో పెడితే గీత వాలు అబద్ధం చెబుతుంది. రెండోది, కొత్త విడుదల వచ్చినప్పుడు పాత ఏళ్లను కూడా తిరగరాస్తారు. అదే అధ్యయనం అంకెలతో వచ్చే స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్ 2019 నివేదిక 2017కు భారత్ అంకె 91 అంది. 2020 నివేదిక 2019కి 83.2 అంది. ఒకదాన్నుంచి ఒకటి తీసేసి ‘రెండేళ్లలో ఎనిమిది తగ్గింది’ అంటే, కొలబద్ద మార్చి పిల్లాడు పొట్టివాడయ్యాడన్నట్టే. ఒకే విడుదలలోని ఏళ్లనే పక్కపక్కన పెట్టండి.

ఇప్పుడు మళ్లీ మన పట్నం, టౌను, పల్లెలు. పదేళ్లు గడిచాయి. మూడు చోట్లా గాలి 5 శాతం మెరుగైంది: 57, 38, 19. ఈలోగా పట్నం జనం 20 లక్షలైంది, టౌను 3 లక్షలకు తగ్గింది, పల్లెలు లక్ష దగ్గరే ఉన్నాయి. గుణించి కూడితే 1273, 24తో భాగిస్తే 53 పైచిలుకు. ప్రతి చోటా గాలి బాగుపడింది, జనం పీల్చేది మాత్రం పెరిగింది! పాత జనాభానే ఉంచి కొత్త గాలితో కడితే 49.4 వస్తుంది. అంటే గాలి వల్ల 2.6 తగ్గింది, జనం కదలడం వల్ల 3.6 పెరిగింది. పట్టికలో గీత పైకి లేస్తే ఫ్యాక్టరీలను తిట్టే ముందు ఈ రెండు ముక్కలూ విడదీయండి.

ఇది కాగితం మీది ముచ్చట కాదు. హైదరాబాద్ జిల్లా జనాభా 2001లో 38.3 లక్షలు, 2011లో 39.4 లక్షలు. అదే పదేళ్లలో పాత రంగారెడ్డి జిల్లా 35.8 లక్షల నుంచి 53 లక్షలైంది. 2001 బరువులే పట్టుకుని 2011 సగటు కడితే, కూకట్‌పల్లికో ఎల్బీనగర్‌కో చేరిన లక్షల మంది మీ లెక్కలో ఊపిరి పీల్చడం లేదు.

అభ్యాసం. తెలంగాణ పాత పది జిల్లాలు తీసుకోండి. ఇప్పటి 33 వద్దు, వాటికి 2001, 2011 జనాభాను విడదీయడం వేరే తలనొప్పి. రెండు జనగణనల అంకెలూ రాసుకోండి. పీఎం 2.5 అంకెలు మీ ఊహ మేరకు వేసుకోండి, కానీ పదీ వేర్వేరుగా ఉండాలి. పాత గాలి–పాత జనం, పాత గాలి–కొత్త జనం, కొత్త గాలి–పాత జనం, కొత్త గాలి–కొత్త జనం: నాలుగు సగటులూ కట్టండి. ఆ తర్వాత, జనం కదిలినా సగటు మారకుండా ఉండాలంటే అన్ని జిల్లాల్లో గాలి ఒకే శాతం చొప్పున ఎంత మెరుగుపడాలో కనుక్కోండి. మీ జిల్లాల్లో ఆ శాతం మైనస్ వచ్చినా కంగారు పడకండి, రావచ్చు. ఎందుకొచ్చిందో ఒక వాక్యం రాయండి. పద్ధతి సరిచూసుకోవడానికి పై పట్నం–టౌను–పల్లె లెక్కకు జవాబు ఇస్తున్నాను: 7 శాతానికి కాస్త తక్కువ. ఉప్పల్ ఆయన కూడా ఈసారి పంపాలి, ఫోన్ పక్కన పెట్టి.