కళ్ల కింద ఉబ్బు: నీరా, కొవ్వా, గుంటా?

బెంగళూరులో మారతహళ్లి నుంచి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ దాకా ఏ మెయిన్ రోడ్డు మీద చూసినా స్కిన్ క్లినిక్ బోర్డులే. లోపలికెళ్లి "కళ్ల కింద ఉబ్బుగా ఉందండీ" అంటే చాలు, కౌన్సెలర్ ఒక ప్యాకేజీ కాగితం ముందు పెడుతుంది. ఫిల్లర్ (గుంటను నింపే ఇంజెక్షన్), పీల్ (చర్మం పైపొర ఊడదీసే మందు), లేజర్, పీఆర్‌పీ (మన రక్తం నుంచే తీసి ఎక్కించే ద్రవం)... ఏది ఎందుకో అర్థమయ్యేలోపే మాట ఈఎంఐ దగ్గరికి వచ్చేస్తుంది. చిక్కేమిటంటే, కళ్ల కింద ఉబ్బు ఒకే కారణంతో రాదు. నీరు చేరినా ఉబ్బుతుంది, కొవ్వు ముందుకు తోసుకొచ్చినా ఉబ్బుతుంది. పక్కన గుంట పడితే లేని ఉబ్బు కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకదానికి పనికొచ్చే వైద్యం ఇంకోదాన్ని చెడగొడుతుంది. అందుకే క్లినిక్ మెట్లెక్కే ముందు మీ ఉబ్బు ఏ రకమో మీకు కాస్త తెలిసుండాలి.

ముందు ఇంట్లో చేసుకునే పరీక్ష

ఒక వారం పాటు పొద్దున లేవగానే ఒక ఫొటో, సాయంత్రం ఒక ఫొటో తీయండి. ఒకే కిటికీ ముందు, ఫ్లాష్ లేకుండా, బ్యూటీ ఫిల్టర్ ఆపేసి. తర్వాత అద్దం ముందు తల కదపకుండా కళ్లు మాత్రమే పైకెత్తి చూడండి. ఉబ్బు ఇంకా ముందుకొస్తే కొవ్వు అనుకోవచ్చు. చూపు ఎటు తిప్పినా ఒకేలా ఉండి, పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ అయితే నీరు. వెలుతురు ఎదురుగా పడినప్పుడు మాయమై, పైనుంచి పడినప్పుడు మాత్రమే కనిపిస్తే అది గుంట నీడ. చాలామందిలో రెండు మూడు కలిసే ఉంటాయి, అయినా పెత్తనం ఏదో ఒకదానిదే.

వీటికి కాస్మెటిక్ క్లినిక్ కాదు, ఆసుపత్రి

ఒక్క కన్నే ఉన్నట్టుండి ఎర్రగా వాచి, నొప్పీ జ్వరమూ ఉంటే, చూపు మసకబారితే, కన్ను తిప్పడం కష్టమైతే అది కంటి గుంతలో ఇన్ఫెక్షన్ కావచ్చు. మింటో లాంటి ప్రభుత్వ కంటి ఆసుపత్రి అయినా సరే, దగ్గర్లో ఉన్న ఏ ఎమర్జెన్సీ అయినా సరే, తెల్లారేదాకా ఆగొద్దు. పెదాలు, నాలుక కూడా వాచి ఊపిరి ఆడకపోతే అది ఇంకా అర్జెంటు.

అంత తొందర లేకపోయినా వదిలేయకూడనివి కొన్ని ఉన్నాయి. పొద్దున కళ్ల చుట్టూ వాపుతో పాటు పాదాలు కూడా వాచి, మూత్రం నురగగా వస్తుంటే కిడ్నీల సంగతి చూడాలి. ఖర్చు తక్కువైన మూత్ర పరీక్షతోనే చాలావరకు తెలుస్తుంది. ముఖమంతా ఉబ్బి, బరువు పెరిగి, చలి తట్టుకోలేకపోతున్నా, కనుగుడ్లు ముందుకు వస్తున్నట్టు అనిపించినా థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఇవి తేలకుండా కళ్ల కింద సూది పెట్టించుకోవద్దు.

పొద్దున ఉబ్బు, మధ్యాహ్నానికి తగ్గుదల

ఇది నీరు. పడుకున్నప్పుడు ఒంట్లో నీరు ముఖం వైపు సర్దుకుంటుంది. కళ్ల కింద చర్మం ఒంట్లోకెల్లా పల్చనిది కాబట్టి అక్కడే ముందు బయటపడుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే కిందికి దిగిపోతుంది.

దీని మూలం చాలావరకు రాత్రి కంచంలోనే ఉంటుంది. అమెరికా వాళ్లతో కాల్ ముగించి, పదకొండు గంటలకి పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని, రెండు అప్పడాలు నమిలి, వెంటనే వాలిపోతే పొద్దున కళ్లు తెరుచుకోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలి, అంటే చెంచాడు కూడా కాదు. ఊరగాయ, అప్పడం, హోటల్ సాంబారు కలిస్తే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. ఆవకాయ మానేయమని చెప్పే పాపం నేను మూటగట్టుకోను గానీ, దాన్ని మధ్యాహ్నానికి మార్చండి. మందు తాగిన రాత్రి కూడా ఇదే కథ.

తల కింద ఇంకో దిండు పెట్టుకోండి. పొద్దున చల్లని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను పది నిమిషాలు మూసిన కళ్ల మీద వేసుకోండి. కీరదోస ముక్కలు, ఫ్రిజ్‌లో పెట్టిన చెంచాలు చేసేదీ ఇదే, పని చేసేది చల్లదనం. కెఫీన్ ఉన్న ఐ క్రీములు రక్తనాళాలను కాసేపు కుదిస్తాయి, ఆ పూట మీటింగుకి పనికొస్తాయి, అంతకు మించి ఆశించకండి. ఈ రకానికి ఫిల్లర్, సర్జరీ దేనికి? గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే.

దురద, తుమ్ములు, నలుపుడు

ఉబ్బుతో పాటు కళ్లు దురద పెడుతుంటే అలర్జీ అనుకోండి. ఖాళీ సైట్లలో తెల్లటి చిన్న పూలతో నడుము ఎత్తు పెరిగే వయ్యారిభామ బెంగళూరులో ఎక్కడబడితే అక్కడ కనిపిస్తుంది. దాని పుప్పొడి ముక్కుకీ చర్మానికీ పడదు. దానికి తోడు రోడ్డు దుమ్ము, పీజీ పరుపుల్లో కంటికి కనిపించని డస్ట్ మైట్ పురుగులు. దురద వల్ల వాపు కొంత, ఊరికే నలపడం వల్ల వాపూ నలుపూ ఇంకొంత. డాక్టర్ని అడిగి అలర్జీ మాత్ర, అలర్జీ చుక్కలు వాడితే రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది. దిండు గలీబులు వారం వారం వేడినీళ్లలో ఉతకండి.

ఎవరూ అనుమానించని దొంగ ఇంకొకటి ఉంది: జుట్టు రంగు. ఆదివారం తలకు రంగేసుకుంటే సోమవారమో మంగళవారమో రెప్పలు వాస్తాయి. వాడింది తలకి కదా, కళ్లకేం సంబంధం అంటారు. నల్లరంగు డైలలో ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకి మాడు మామూలుగానే ఉండి, పల్చని రెప్పలు ముందు వాచే వీలుంది. కొత్త కాటుక, నెయిల్ పాలిష్ కూడా ఇలాగే చేయగలవు. డెర్మటాలజిస్టు (చర్మ డాక్టరు) దగ్గర ప్యాచ్ టెస్ట్, అంటే అనుమానమున్న రసాయనాలను చర్మానికి అంటించి చూసే పరీక్ష, చేయిస్తే పట్టుబడుతుంది.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీము మాత్రం కళ్ల దగ్గర రాయకండి. రెండు రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది. నెలల తరబడి వాడితే చర్మం ఇంకా పల్చబడుతుంది, కంట్లో ప్రెషర్ పెరిగి, చూపును దెబ్బతీసే గ్లకోమా దాకా పోవచ్చు.

రోజంతా ఒకేలా ఉండి, పైకి చూస్తే పెరిగే సంచి

ఇది కొవ్వు. కనుగుడ్డు కింద మెత్తలా ఉండే కొవ్వు మూడు భాగాలుగా ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే పల్చటి పొర వయసుతో సడలితే, పాత గలీబు కుట్టు వదిలిన చోట దూది ఉబికినట్టు, కొవ్వు ముందుకు వస్తుంది. కొందరికి ఇది వంశంలోనే ఉంటుంది. నాన్నకీ మేనత్తకీ ఉంటే మీకు పాతికేళ్లకే రావచ్చు, నిద్ర ఎంత పోయినా తగ్గదు. క్రీములు, ఫేషియళ్లు దీన్ని ముట్టుకోలేవు.

నిజంగా తీసేది సర్జరీయే, పేరు లోయర్ బ్లెఫరోప్లాస్టీ. చర్మం బిగువుగా ఉన్నవాళ్లకి రెప్ప లోపలి వైపు నుంచి చేస్తారు, బయట మచ్చ కనిపించదు. చర్మం కూడా వదులై ఉంటే వెంట్రుకల కిందుగా సన్నని గాటు పెట్టి కొంత చర్మం తీస్తారు. ఈ రోజుల్లో మంచి సర్జన్లు కొవ్వంతా తీసేయరు. ఎక్కువ తీస్తే కొన్నేళ్లకి కన్ను లోపలికి పీక్కుపోయినట్టు కనిపిస్తుంది. అందుకే ఉబికిన కొవ్వును పక్కనున్న గుంటలోకి సర్దుతారు. "ఎంత తీస్తారు, ఎంత సర్దుతారు?" అని అడగండి, జవాబు తడబడితే ఇంకో డాక్టర్ని చూడండి.

కమిలిన నీలం, వాపు తగ్గడానికి సుమారు రెండు వారాలు. అసలు రూపం తేలడానికి కొన్ని నెలలు. రెప్ప కిందికి జారడం, కళ్లు పొడిబారడం లాంటి ఇబ్బందులు ఉన్నాయి. కంటి వెనక రక్తం చేరడం బహు అరుదు గానీ చూపుకే ప్రమాదం. ఆపరేషన్ రాత్రి తీవ్రమైన నొప్పి, చూపు తగ్గడం ఉంటే మాత్ర వేసుకుని పడుకోవద్దు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. రోజంతా స్క్రీన్ ముందుండేవాళ్లు, కళ్లజోడు వదిలించుకోడానికి లేసిక్ లేజర్ చేయించుకున్నవాళ్లు ముందే చెప్పి, కళ్ల తడి పరీక్ష చేయించుకోవాలి. ఆస్పిరిన్, చేపనూనె మాత్రలు వాడుతుంటే అది కూడా చెప్పాలి. గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్‌ను ఆ డాక్టర్ని అడగకుండా ఆపొద్దు.

ఆఫీసు లిఫ్ట్ అద్దంలో మాత్రమే భయపెట్టే కళ్లు

టెక్ పార్కు లిఫ్టులో నడినెత్తి మీద లైటు ఉంటుంది. ఆ వెలుగులో ముక్కు పక్కనుంచి బుగ్గ మీదికి దిగే గుంట నల్లగా కనిపించి, దాని పైభాగం సంచిలా తోస్తుంది. కిటికీకి ఎదురుగా నిలబడితే ఏమీ ఉండదు. ఇలాంటివాళ్లకే హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ బాగా కుదురుతుంది, అదీ కొంచెంగా పెడితేనే.

మా పిన్ని కూతురికి నీటి ఉబ్బు ఉంది. ఒక క్లినిక్‌లో గుంట అని చెప్పి ఫిల్లర్ పెట్టారు. "అక్కా, పొద్దున లేస్తే ముందుకన్నా ఎక్కువ వాస్తోందే" అని ఫోన్ చేసింది. హయలురోనిక్ యాసిడ్ సహజంగానే నీటిని పట్టుకుంటుంది మరి. చివరికి హయలురోనిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించాల్సి వచ్చింది. ఏడాదికి ఫిల్లర్ దానంతట అదే కరిగిపోతుందని చెబుతుంటారు గానీ, కళ్ల కింద కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. చర్మానికి మరీ దగ్గరగా పెడితే నీలం చాయ కొడుతుంది. అరుదుగా రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడటం, చూపు పోవడం కూడా జరిగాయి. కాబట్టి కరిగించే మందు క్లినిక్‌లో సిద్ధంగా ఉందా అని సూదికి ముందే అడగండి. సిరంజి డబ్బా మీ ఎదుటే తెరవాలి.

కంటి పక్క ముడతలకు వేసే బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్) కూడా ఉబ్బును తగ్గించదు. కింది రెప్ప కండరం బలహీనపడితే సంచి ఇంకా తేలుతుంది.

ఇంకో రెండు

ఉబ్బు కంటి కింద కాకుండా బుగ్గ ఎముక మీద మెత్తగా వేలాడుతుంటే, అది అన్నిటికన్నా మొండిది. మామూలు రెప్ప సర్జరీతో పోదు, ఫిల్లర్‌తో పెరుగుతుంది. ఒకే సిట్టింగులో పోగొడతామన్నవాళ్లని నమ్మొద్దు.

నలుపు సంగతి వేరు. చర్మాన్ని మెల్లగా పక్కకి లాగితే గోధుమరంగు అలాగే ఉంటే అది చర్మం రంగే. సన్‌స్క్రీన్, డాక్టరు రాసిన క్రీములు, ఓపిక కావాలి. మన చాయకి గట్టి లేజర్ కొడితే ఇంకా నల్లబడే ప్రమాదం ఉంది, చిన్నచోట పరీక్షించి చూడమనండి.

ఎవరి దగ్గరికి, ఎప్పుడు

సర్జరీ అయితే ఆక్యులోప్లాస్టీ (కంటి రెప్పల, చుట్టుపక్కల సర్జరీ) శిక్షణ పొందిన కంటి డాక్టరు గానీ, ఎంసీహెచ్ డిగ్రీ ఉన్న ప్లాస్టిక్ సర్జన్ గానీ. ఫిల్లర్, అలర్జీ, నలుపు అయితే ఎండీ డెర్మటాలజిస్టు. గోడ మీద వేలాడే "కాస్మెటాలజీ" సర్టిఫికెట్ చూసి మోసపోవద్దు. కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్‌లన్నీ 2007 నాటి కేపీఎంఈ (కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల) చట్టం కింద రిజిస్టర్ కావాలి, ఆ కాగితం చూపించమనండి. అందం కోసం చేయించుకునేదానికి హెల్త్ ఇన్సూరెన్స్ రాదు, మామూలు వైద్యానికి ఉండే జీఎస్టీ మినహాయింపు కూడా లేదు. కోట్ ఇచ్చినప్పుడు పన్ను కలిపి చెప్పారా లేదా అడగండి.

పెళ్లి దగ్గర్లో ఉంటే ఫిల్లర్‌కి కనీసం నెల ముందు, సర్జరీకి మూడు నెలల ముందు డేట్ పెట్టుకోండి. ముహూర్తానికి వారం ఉండగా వెళ్తే దొరికేది కన్సీలరే.